యహ్యా - అంతకు ముందు ఎవరికీ లేని పేరు

దివ్య ఖురాన్‌లో పేరుతో సహా ప్రస్తావన ఉన్న దైవప్రవక్తలు 25 మంది. వారిలో ఇబ్రాహీం, ఇస్మాయీల్, యూసుఫ్, మూసా, సులేమాన్ పేర్లు మన తెలుగునాట ముస్లిములున్న ప్రతి వాడలోనూ వినిపిస్తాయి. ఇద్రీస్, ఇలియాస్, యూనుస్ కూడా తక్కువేమీ కాదు. జకరియ్యా అక్కడక్కడ తగులుతాడు. ఆ జకరియ్యా (అలై) కుమారుడైన హజ్రత్ యహ్యా (అలై) పేరు పెట్టుకున్నవారు మాత్రం వెతికితే గాని కనిపించరు. పాతికేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఆ పేరుగల విద్యార్థులు ఇద్దరంటే ఇద్దరే తారసపడ్డారు. ఆ ఇద్దరిలో ఒకడి పేరు రిజిస్టరులో 'యాయా' అని ఉండేది.

విశేషమేమిటంటే, ఇదివరకు ఈ పేరు ఎవరికీ లేదని ఖురాన్ చెప్పిన పేరు ఇదే. తల్లిదండ్రులో తాతముత్తాతలో పెట్టిన పేరు కాదిది. బిడ్డ తల్లి కడుపున పడకముందే శుభవార్తతో పాటే వచ్చిన పేరు.

మర్యం సూరా ప్రారంభంలోనే ఈ వృత్తాంతం ఉంది. జకరియ్యా (అలై) ముదుసలి. ఎముకలు బలహీనపడ్డాయి, తల నెరిసిపోయింది. భార్య గొడ్రాలు. తన తరువాత ధర్మమార్గాన్ని నిలబెట్టే వారసుడు లేడన్న దిగులుతో ఆయన తన ప్రభువును లోగొంతుకతో వేడుకున్నారు. ఆ గొంతు ఎవరికీ వినబడకుండా ఎందుకు దాచుకున్నారని వ్యాఖ్యాతలు చర్చించారు. ఈ వయసులో పిల్లలేమిటని జనం నవ్వుతారన్న బిడియం వల్ల అని కొందరన్నారు. పిల్లల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన వారికి ఆ బిడియం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. మొర ఆలకించబడింది. కొడుకు పుడతాడు, అతని పేరు యహ్యా అని దైవదూతలు చెప్పారు. ఇది ఎలా సాధ్యమని ఆయనే ఆశ్చర్యపోయారు. సూచనగా మూడు రోజులపాటు సైగలతో తప్ప మనుషులతో మాట్లాడలేకపోయారు.

ఇక్కడ ఖురాన్ వాడిన మాట 'సమియ్య్'. దీనికి పండితులు రెండు అర్థాలు చెప్పారు. ఖతాదా వంటివారు దీన్ని 'అదే పేరు గలవాడు' అని తీసుకున్నారు. అంటే అంతకుముందు యహ్యా అని ఎవరికీ పేరు లేదు. ముజాహిద్ మాత్రం 'సాటివాడు, పోలినవాడు' అన్న అర్థాన్ని ఎంచుకున్నారు. అదే మర్యం సూరాలో కొంత ముందుకు వెళితే, అల్లాహ్‌కు సాటి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నలో మళ్లీ ఇదే మాట వస్తుంది. అక్కడ 'సాటి' అని అర్థం చెప్పుకున్నప్పుడు ఇక్కడ మాత్రం ఎందుకు చెప్పుకోకూడదని ఆయన వాదం. ఇబ్నె కసీర్ తన తఫ్సీర్‌లో రెండింటినీ ఉదహరించారు. నా మట్టుకు మొదటి అర్థమే సూటిగా ఉన్నట్టు తోస్తుంది. పేరు చెప్పిన మరుక్షణం వచ్చిన మాట కదా.

ఇక పేరు అర్థానికి వద్దాం. మదరసాలో 'సర్ఫ్' చదువుకున్న ఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు, 'యహ్యా' నిజానికి నామవాచకం రూపంలో లేదు, క్రియ రూపంలో ఉంది. 'బతుకుతాడు', 'జీవిస్తాడు' అని దాని అర్థం. అరబ్బులకు క్రియను పేరుగా పెట్టుకోవడం కొత్త కాదు. 'పెరుగుతాడు' అన్న అర్థంలో యజీద్ ఉన్నాడు. అయితే పేరు ఏది, క్రియ ఏది అన్న తికమక రాకుండా లేఖకులు ఒక చక్కని ఏర్పాటు చేశారు. క్రియగా రాసేటప్పుడు చివర నిలువు అలిఫ్ పెడతారు. పేరుగా రాసేటప్పుడు 'యే' పెడతారు. ఉచ్చారణ ఒక్కటే, రాత వేరు. మా ఉస్తాద్ ఈ సంగతి చెప్పిన రోజున నల్లబల్ల మీద రెండూ పక్కపక్కన రాసి, 'ఇతను మనిషి, ఇది అతను చేసే పని' అన్నారు.

ఆ పేరే ఎందుకు? తల్లి గర్భం ఎండిపోయి ఉండగా ఈ బిడ్డ ద్వారా దానికి జీవం వచ్చింది కనుక అని ఒక మాట ఉంది. అతని హృదయాన్ని అల్లాహ్ విశ్వాసంతో బతికించాడు కనుక అని ఇంకొకటి. తరువాత ఆయన దైవమార్గంలో ప్రాణాలు విడిచారు, అమరులు చావరు కనుక అని మరొకటి. వీటిలో ఏది ఎంచుకున్నా 'హయాత్' అన్న మూలం నుంచి బయటకు పోము.

పేరు అరుదైనా దాని మూలం మనకు పరాయిది కాదు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే బస్సు ఎక్కినవారందరూ హయాత్‌నగర్ దాటే ఉంటారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె హయాత్ బఖ్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. ఆ హయాత్, ఈ యహ్యా ఒకే మూలంలోంచి వచ్చాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ మొహియుద్దీన్. 'ధర్మాన్ని బతికించినవాడు' అని అర్థం. అది బాగ్దాదు మహనీయులు షేక్ అబ్దుల్ ఖాదర్ జీలానీ (రహ్మ) బిరుదు. ఆయన మీది అభిమానంతో మన పల్లెల్లో ఎందరో మొహిద్దీన్‌లు ఉన్నారు. వాళ్లందరి పేర్లలోనూ యహ్యా సగం ఉన్నాడన్నమాట. (మొయీనుద్దీన్ వేరు, అది 'సహాయకుడు' అన్న మాట. మనవాళ్లు పలకడంలో రెంటినీ కలిపేస్తారు.)

హజ్రత్ యహ్యా (అలై)నే క్రైస్తవ సోదరులు బాప్తిస్మమిచ్చు యోహాను అంటారు. హీబ్రూలో యోహానాన్ అంటే 'ప్రభువు కనికరించాడు' అని అర్థం. లూకా సువార్తలో ఈ పేరు పెట్టడం గురించి ఆసక్తికరమైన సంఘటన ఉంది. ఎనిమిదో రోజున బంధువులంతా చేరి పిల్లవాడికి తండ్రి పేరే పెట్టబోయారట. తల్లి ఒప్పుకోలేదు, యోహాను అనే పెట్టాలంది. మీ వంశంలో ఆ పేరు గలవారు ఎవరూ లేరే అని వాళ్లు అభ్యంతరం చెప్పారట. చివరికి మాట పడిపోయిన తండ్రి పలక తెప్పించుకుని అదే పేరు రాసి చూపించాడు. ఎవరికీ లేని పేరు అన్న మాట ఆ గ్రంథంలో వంశం వరకే ఉంది. ఖురాన్‌లో దానికి హద్దు లేదు.

దీన్ని పట్టుకుని కొందరు పాశ్చాత్య పండితులు ఒక ప్రశ్న వేశారు. యోహానాన్ అన్న పేరు యూదుల్లో అంతకుముందే ఉంది కదా, యిర్మీయా గ్రంథంలోనే కనిపిస్తుంది కదా అని. మన పండితుల జవాబు సూటిగానే ఉంది. ఖురాన్ చెబుతున్నది 'యహ్యా' అన్న పేరు గురించి. యోహానాన్ మూలం 'కనికరం', యహ్యా మూలం 'జీవం'. రెండూ ఒక మనిషికి చెందినవే అయినా ఒకే మాట కావు. ఇందులో మరో ముచ్చట ఉంది. మర్యం సూరాలో యహ్యా (అలై) గుణగణాలు చెబుతూ, మా వద్ద నుంచి అతనికి మృదు హృదయాన్ని ప్రసాదించామన్న భావంలో 'హనాన్' అనే మాట వాడబడింది. ఖురాన్ మొత్తంలో ఆ మాట వచ్చింది ఆ ఒక్కచోటే. యోహానాన్ అన్న హీబ్రూ పేరులో ఉన్నది సరిగ్గా ఆ మూలమే. అంటే ఆయన రెండో పేరు అర్థం కూడా అక్కడే, ఆయన వర్ణనలోనే ఉంది. ఈ వాక్యాన్ని నేను ఎన్నోసార్లు చదివి దాటిపోయాను. ఆ సంగతి తెలిశాక ఇప్పుడు అక్కడ కాసేపు ఆగుతాను.

యోహాను నుంచి ఎన్ని పేర్లు పుట్టాయో చూడండి. ఇంగ్లీషులో జాన్, ఫ్రెంచిలో జా, స్పెయిన్‌లో హువాన్, ఇటలీలో జొవాన్ని, జర్మనీలో యోహాన్, రష్యాలో ఇవాన్. మన కోస్తా పల్లెల్లో యోహాను, జాన్‌బాబు. ఒకే వీధిలో మొహిద్దీన్, జాన్‌బాబు పక్కపక్కనే ఉంటారు. ఒకరి పేరులో యహ్యా పేరు మూలం ఉంది, రెండో వారి పేరులో స్వయంగా ఆయనే ఉన్నారు. ఆ సంగతి మాత్రం ఇద్దరికీ తెలియదు.

అరబ్బుల్లో ఈ పేరు ఇస్లాంకు పూర్వమే ఉంది. వాయువ్య అరేబియాలో దొరికిన 4వ శతాబ్దపు నబాతీ శాసనం ఒకదానిలో యహ్యా అనే వ్యక్తి తన తండ్రి సమాధి మీద రాయించిన వాక్యం కనిపిస్తుంది. ఇరాకు, దక్షిణ ఇరాన్ నదీతీరాల్లో ఉండే మందాయీలు కూడా యహ్యా అనే పిలుస్తారు. నీటిలో మునగడమే ప్రధాన ఆచారమైన చిన్న సమాజం అది. అయినా మదీనాలో మాత్రం ఈ పేరు దాదాపు వినపడనిదే. అన్సారులలో ఖల్లాద్ అనే సహాబీకి కొడుకు పుడితే దైవప్రవక్త (స) దగ్గరకు తెచ్చారని, ఆయన ఖర్జూరం నమిలి బిడ్డ నోట పెట్టి, యహ్యా బిన్ జకరియ్యా తరువాత ఎవరికీ పెట్టని పేరు పెడతానంటూ ఆ బిడ్డకు యహ్యా అని పేరు పెట్టారని చరిత్రకారులు రాశారు. శాసనంలో ఉన్న సంగతికి దీనికి పొసగదేమో అని అనుమానించనక్కర్లేదు. మాట తమకు తెలిసిన తమ ప్రజల గురించే అయి ఉంటుంది.

ఆ తరువాత పేరు వేగంగా పాకింది. రెండు శతాబ్దాలు తిరిగేసరికి హదీసు విద్యలో యహ్యాలే యహ్యాలు. ఉల్లేఖకుల్లో ఎవరు నమ్మదగినవారో ఎవరు కారో తేల్చిచెప్పిన బాగ్దాదు పండితుడు యహ్యా బిన్ మయీన్ (మరణం హిజ్రీ 233). ఇమాం మాలిక్ 'మువత్తా'ను అందలూసియాకు తీసుకువెళ్లిన కార్డోబా పండితుడు యహ్యా బిన్ యహ్యా. ఈయన విషయంలో తండ్రీ కొడుకులిద్దరిదీ ఒకే పేరు. హారూన్ రషీద్ మంత్రి యహ్యా బర్మకీ మూలికలు తెమ్మని, ఇక్కడి మతాల వివరాలు రాసుకురమ్మని మన దేశానికి ఒక మనిషిని పంపించాడు. అదే మంత్రి 803లో ఖలీఫా ఆగ్రహానికి గురై చెరసాలలోనే కన్నుమూశాడు. 'రియాజుస్సాలిహీన్' సంకలనకర్త ఇమాం నవవీ అసలు పేరు కూడా యహ్యాయే. 1233లో డమాస్కస్ దగ్గరి నవా గ్రామంలో పుట్టి, 44వ ఏట కన్నుమూశారు. యహ్యా పేరుగలవారిని గౌరవంగా 'అబూ జకరియ్యా', అంటే జకరియ్యా తండ్రి, అని పిలవడం అరబ్బుల ఆనవాయితీ. ఇమాం నవవీని కూడా అలాగే పిలిచారు. ఆయన జీవితమంతా బ్రహ్మచారిగానే ఉన్నారు!

ప్రవక్త కుటుంబంలో జకరియ్యా తండ్రి, యహ్యా కొడుకు. ఈ ఆనవాయితీ వల్ల వరుస తిరగబడింది. మన మస్జిదుల్లో 'ఫజాయెలె ఆమాల్' చదివి వినిపించడం చాలామంది వినే ఉంటారు. దాని రచయిత మౌలానా జకరియ్యా కాంధల్వీ (1898-1982) తండ్రి పేరు మౌలానా యహ్యా. బీహారులో 'మక్తూబాతె సదీ' రాసిన సూఫీ మహనీయులు షర్ఫుద్దీన్‌ను కూడా తండ్రి పేరుతో కలిపి యహ్యా మనేరీ అనే అంటారు. దక్షిణాదికి వచ్చేసరికి ఎందుకో ఈ పేరు పలచబడింది. నాకు తోచిన కారణం ఒకటుంది. మన కోస్తా, రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో పేర్లు గ్రంథాల నుంచి కాక దర్గాల నుంచి వచ్చాయి. నాగూరు నుంచి నాగూర్ మీరా, జాన్‌పహాడ్ సైదన్న నుంచి సైదులు. అలాగే మస్తాన్, దస్తగిరి. ఈ పేర్లు హిందూ సోదరుల ఇళ్లలోనూ మస్తానయ్య, సైదయ్య, హుస్సేనయ్య అయి స్థిరపడ్డాయి. యహ్యా (అలై) పేర ఇక్కడ దర్గా లేదు, ఉరుసు లేదు, మొక్కు లేదు. ఇక పేరెలా వస్తుంది?

ఆయన స్మారకం ఉన్నది డమాస్కస్‌లో. ఉమయ్యద్ ఖలీఫా వలీద్ కాలంలో, 8వ శతాబ్దం తొలినాళ్లలో కట్టిన పెద్ద మస్జిదు ప్రార్థనా మందిరంలోనే ఒక సమాధి మందిరం ఉంది. ఆయన శిరస్సు అక్కడ ఉందని ప్రతీతి. ఆయన మరణం గురించి ఖురాన్ వివరాలు చెప్పలేదు. సువార్తలు, యూదు చరిత్రకారుడు జోసెఫస్ రచన హేరోదు రాజు ఆయనను చంపించాడని చెబుతున్నాయి. రాజు తన సోదరుని భార్యను పెళ్లాడటం తప్పని ముఖం మీదే అన్నందుకు ఈ శిక్ష అని సువార్తల కథనం. 2001 మే నెలలో పోప్ రెండో జాన్ పాల్ ఆ మస్జిదులో అడుగు పెట్టారు. ఒక పోప్ మస్జిదులోకి రావడం అదే మొదటిసారి. పత్రికలన్నీ ఆ విశేషాన్ని రాశాయి గాని, వచ్చిన అతిథి పేరు, లోపల ఉన్నవారి పేరు ఒకటేనన్న సంగతి ఎవరూ రాసినట్టు నాకు కనిపించలేదు.

'బతుకుతాడు' అన్న పేరుగలవారు నడివయసైనా రాకముందే చంపబడ్డారు. ఈ ఒక్క కారణం చూపి ఆ పేరు పెట్టడానికి జంకేవారున్నారు. కొన్నేళ్ల కిందట ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. ఇద్దరు బిడ్డలు పుట్టి నెలలోపే పోయారు. మూడోసారి కొడుకు. అకీకాకు మూడు రోజులే ఉంది. "మౌల్సాబ్, యహ్యా అని పెడదామనుకుంటున్నా. బతుకుతాడనే కదా అర్థం? మా అమ్మీ మాత్రం వద్దంటోంది. నామ్ భారీ హై, బిడ్డ మోయలేడు అంటోంది" అన్నాడు.

'భారీ పేరు' అన్న ఈ నమ్మకం మన ఇళ్లలో చాలామందికి తెలుసు. బిడ్డ ఊరికే ఏడుస్తున్నా, జ్వరం తగ్గకపోయినా పేరు బరువైందని మార్చేస్తారు. తెలుగు పల్లెల్లో దీనికి తోడు మరో ఆచారం ఉంది. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టినవాడికి పెంటయ్య, పుల్లయ్య అని పెడతారు. మృత్యువు చూసి ఏవగించుకుని వదిలేస్తుందని ఆశ. ఆ తల్లుల భయాన్ని చూసి నవ్వే ధైర్యం నాకు లేదు. కాని భయం వేరు, ధర్మం వేరు. దైవప్రవక్త (స) పేర్లు మార్చిన మాట నిజమే. 'ఆసియా' (అవిధేయురాలు) అన్న పేరును జమీలాగా మార్చారు. 'కఠినం' అన్న అర్థంలో హజ్న్ అని పేరున్న ఒకాయనను 'సహ్ల్' అని మార్చుకోమన్నారు. ఆయన మార్చుకోలేదు. ఆ మొరటుదనం మా ఇంట్లో పోలేదని మనవడు సయీద్ బిన్ ముసయ్యబ్ తరువాత చెప్పుకున్నారు. ఇవన్నీ అర్థం చెడ్డదైన పేర్లు. మంచి అర్థం గల పేరు బరువైపోతుందని ఎక్కడా లేదు. చంపబడినవారి పేరు పెట్టకూడదంటే ముందు హుస్సేన్ పేరు ఆగిపోవాలి. 680లో కర్బలాలో దాహంతో నేలకొరిగిన ఆ మహనీయుని పేరు లేని ఊరు మనకు ఉందా?

ఈ మాటలకు ఆ యువకుడి ముఖం విప్పారింది. అయితే అతనికి ఇంకొకటి కూడా చెప్పవలసి వచ్చింది, అది చెప్పడమే కష్టమైంది. యహ్యా అన్న పేరు తాయెత్తు కూడా కాదు. దైవప్రవక్త (స) తమ కుమారునికి ఇబ్రాహీం అని పేరు పెట్టుకున్నారు. అంతకంటె గొప్ప పేరు ఏముంది? ఆ పసివాడు రెండేళ్లు నిండకముందే తండ్రి చేతుల్లో కన్నుమూశాడు. ఆయన కంటతడి పెట్టారు గాని పేరును నిందించలేదు. "పేరు పెట్టు బేటా, దువా చెయ్యి. కాని మొదటి ఇద్దరూ ఎందుకు పోయారో పెద్ద డాక్టరును అడిగావా?" అన్నాను. అడగలేదన్నాడు. ఊళ్లోనే చూపించారట. మరుసటి వారం భార్యాబిడ్డలను తీసుకుని పట్నం వెళ్లాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు బడికి పోతున్నాడు.

ఇక రాత సంగతి. ఈ పేరు పెట్టదలచినవారు తెలుగులో 'యహ్యా' అని రాయించండి. యాహియా, ఎహియా, యాయా అని ఇష్టం వచ్చినట్టు రాస్తే జనన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒకటి అవుతుంది. తరువాత అఫిడవిట్ల కోసం తిరగాలి. జననం నమోదు చేసినప్పుడు పేరు నిర్ణయించుకోకపోయినా కంగారు లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ చట్టం వల్ల, ఆ తేదీ తరువాత పుట్టినవారికి బడిలో చేరిక మొదలు పాస్‌పోర్టు వరకు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి మొదటి రాతే సరిగ్గా ఉండాలి. ఇంగ్లీషు అక్షరాలు కూడా ఆ రోజే ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పలికేటప్పుడు 'య' తరువాత గొంతు లోపలి నుంచి 'హ్' పలికి, చివర 'యా'ను సాగదీయాలి. ఉర్దూ మాట్లాడే మనకు ఆ గొంతు 'హే' అంతగా పలకదు, మామూలు 'హ' పలికినా ఫరవాలేదు. దాన్ని మింగేసి 'యాయా' అంటే మాత్రం అందులో హయాత్ మిగలదు.

ఆ యువకుడి కొడుకు పేరు ధ్రువపత్రంలో సరిగ్గానే ఉంది, నేనే దగ్గరుండి రాయించాను. దాదీ మాత్రం ఆ పేరు ఇప్పటికీ నోట పలకదట. బరువు సంగతి ఆమె మరచిపోలేదు. 'ప్రాణం' అన్న అర్థంలో ముద్దుగా 'జానీ' అని పిలుస్తుందట. ఇంగ్లీషువాళ్లు జాన్‌ను ముద్దుగా ఏమంటారో ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.